ఎనకద్దం

ఆమదాలవలస టేసన్ కాడ
నలభై ఏళ్లు నిలబడి బతికినోణ్ణి.
కుర్చీ ఒచ్చినోళ్లకే, నాకు కాదు.

కటింగయ్యాక సేతద్దం మెడెనక పట్టి
"సరిపోయిందా బాబూ" అంటే
ఎవులూ సరిగ్గా సూడరు,
తల ఊపీసి లేసిపోతారు.
మనకి అగుపడని సోటు
మనది కాదనుకుంటాం.

ఊర్లో సుగర్ ఫ్యాక్టరీ మూసీసి సానా ఏళ్లయింది.
సుగర్ మాత్రం మిగిలింది, నా ఒంట్లో.
ఇది నానన్న జోకే.
డాక్టరమ్మ నవ్వనేదు.

సెప్పుల్లేకుండా కొట్టు ఊడుస్తుంటే
తెగిన ఎంట్రుక ముక్కొకటి
బొటనేలి సందులో దిగిందంట.
ఎవులిదో. పెళ్లికొడుకుదో, పోలీసోడిదో,
పదో తరగతి గుంటడిదో.
నాకు తెలీనేదు.
గచ్చు మీద ఎర్రటి అడుగులు సూసి
తౌడమ్మ కేకేసింది.

శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో
నర్సమ్మ నైలాన్ దారం సూపించి
కళ్లు మూసుకోమంది.
"తెలస్తందా అసిరయ్యా?"
"తెలస్తంది."
"ఇంకా పెట్టనేదు తాతా."
కత్తి నొప్పెడతందా అని
ఊరందర్నీ అడిగినోణ్ణి,
సిగ్గేసి సానాసేపు కళ్లు తెరవనేదు.

ఇప్పుడు రేత్రి కొట్టు కట్టీసి
గోరెచ్చటి నీళ్లు.
ముందు తౌడమ్మ మోసెయ్యి ముంచాల,
నా కాలి మాట నమ్మొద్దన్నారు.
వేళ్ల సందుల్లో తడి నేకుండా
మెత్తటి గుడ్డతో అద్దుతాను.
గోళ్లు తిన్నగా, మూలలు తవ్వకుండా.
ఆనెకాయ మీద మాత్రం కత్తి పెట్టకూడదంట.
ఎన్ని గెడ్డాలు గీసిన సెయ్యి!
నా మడమ కాడికొచ్చేసరికి
పరాయిదైపోయింది.

ఆ మీదట అద్దం నేల మీద పెట్టి
దాని మీదకి అరికాలు ఒంచుతాను.
నాకు మసక.
తౌడమ్మే కూకుని సూస్తది,
సేటలో రాళ్లేరినట్టు.
ఒకరోజు "ఏటీ నేదు, తొంగో" అంటది.
ఒకరోజు ఏటీ అనదు.
ఆ రేత్రి ఇద్దరికీ నిద్దర నేదు.

మొన్న ఓ మేస్టారు
గుమ్మం కాడ సెప్పులిప్పి లోపలికొచ్చారు.
ఏసుకోండి బాబూ, కింద ఎంట్రుకలున్నాయన్నాను.
"మీకూ ఉందా?" అన్నారు, మెల్లగా,
తప్పు సేసి దొరికినోళ్ల నాగ.
కటింగయ్యింది.
సేతద్దం తీసి
మెడెనక పట్టనేదు.
మోకాళ్ల మీద కూకుని
ఆయన పాదం కింద పట్టాను.

బయట పలాస పేసింజరొచ్చి ఎల్లిపోయింది.
మేస్టారింకా
సూస్తనే ఉన్నారు.