సగటు పెరిగిన ఏడాది

మెట్ల మలుపు దగ్గరే సిగ్నల్ దొరుకుతుంది.
అక్కడ నిలబడి, ఫోను తలపైకెత్తి
ఏడో తరగతి తెలుగు మీడియాన్ని
ఒక్కొక్కరినీ కార్పొరేషన్ లెక్కలోకి ఎక్కిస్తాను.

తండ్రి వృత్తి అని ఒక గడి.
నొక్కితే జాబితా జారుతుంది:
వ్యవసాయం, వ్యాపారం, ఉద్యోగం, ఇతరాలు.
తెల్లారి నాలుగింటికే
మద్రాసు మద్రాసంతా ఊడ్చేవాళ్లు
ఇతరాల్లోకి పోయారు.
మాతృభాష, తెలుగు.
"మిస్, తణ్ణి తాగొస్తా" అనే తెలుగు.
దానికి వేరే గడి లేదు.

జూన్‌లో ముప్ఫై ఒక్కమంది.
క్వార్టర్లీలో లెక్కల సగటు నలభై ఎనిమిది.
హాఫియర్లీకి యాభై ఒకటి.

జోన్ మీటింగులో తెర మీద
పచ్చ బాణం మా స్కూలు పేరు పక్కన పైకి లేచింది.
"ఏం చేశారు టీచర్? అందరికీ చెప్పండి"
అని తమిళంలో అడిగి మైకిచ్చారు సారు.
రోజూ ఎక్కాలు చెప్పించానన్నాను.
చప్పట్లు. టీ. రెండు బటర్ బిస్కెట్లు.

చెప్పనిది ఇది:
దీపావళి దాటాక కాలవగట్టు గుడిసెలు తీసేశారు.
నాన్నలు చెత్త ఎత్తే లారీల్లోనే
మంచాలూ మిక్సీలూ ఎక్కించి
పెరుంబాక్కంలో ఎనిమిదో అంతస్తుకి పంపారు.
యేసుమణి, పద్నాలుగు మార్కులు.
పెంచలరత్న, పంతొమ్మిది.
అంకబాబు, ఇరవై రెండు.
ముగ్గురూ పోయారు.
మిగిలిన ఇరవై ఎనిమిది మందీ
పాత మార్కులే తెచ్చుకున్నారు.
కావాలంటే కూడి, భాగించి చూసుకోండి.
లెక్కల టీచర్ని, నేను చూసుకున్నాను,
మీటింగుకి ముందే.

పొంగల్ సెలవులయ్యాక ఒక మంగళవారం
పెంచలరత్న వచ్చి మూడో బెంచీలో కూచుంది.
అక్కడి స్కూల్లో తెలుగు లేదట.
"రెండు బస్సులు మిస్. ఆడోళ్లకి టికెట్ లేదు కదా."
ఆ రోజు స్లిప్ టెస్టు.
పేపరిచ్చాను, రాసింది.
నూటికి ఇరవై ఆరు.
ఏడు మార్కులు పెరిగిన పిల్ల
ఈ ఏడాది మొత్తానికీ అదొక్కతే.
ఆ ఇరవై ఆరుని ఎక్కించడానికి
ఫోన్లో ఆమె వరస లేదు.
పేపరు మడిచి టిఫిన్ బ్యాగులో పెట్టుకున్నాను,
సాంబారు మరక పడింది.

మధ్యాహ్నం గంట కొట్టారు.
గుడ్లు లెక్కపెట్టి పంపుతారు, తలకొకటి.
ఇరవై ఎనిమిది.
పెంచలరత్న కంచం పట్టుకుని
వరస చివర, కాస్త పక్కకి జరిగి నిలబడింది.

వంట ఆయా మునియమ్మాళ్
ఆమె వంకా చూడలేదు, నా వంకా చూడలేదు.
తన వంతుకి ఉంచుకున్న గుడ్డు ఒలిచి
ఆ పిల్ల అన్నం మీద పెట్టి,
గోడ మీద బొగ్గుతో వేసిన లెక్కని
కొంగుతో తుడిచి
ఇరవై తొమ్మిది అని వేసింది.