గీత అవతల ఓదెలన్న

పోయిన రంజాన్‌ల ఫైనల్ అయినంక
ఓదెలన్న బూట్లు ఇప్పి గోలు కట్టెకు తగిలేసిండు.
"సాలు" అన్నడు. గంతే.
కోశి సార్ కేకు కోసిండు.
కంపెనీ ఓ గోడ గడియారం ఇచ్చింది,
సోహార్ క్యాంపుల పద్నాలుగో నంబరు రూముల
అది ఇప్పటికీ పది నిమిషాలు ముందు నడుస్తది.
పదో నంబరు బనీను నాకు తొడిగిండు.
సంకల కాడి చెమట మరక ఎన్ని ఉతుకులకూ పోలే,
పోవాలని నేనూ ఉతకలే.

ఏడు నెలలు
శుక్రారం శుక్రారం చాయ్ ఫ్లాస్కు పట్టుకొని కూసున్నడు.
ఎనిమిదో నెల లేసిండు.
"ఆడుత" అన్నడు.
మేం ఈలలేసినం.
"మీకు కాదు" అన్నడు.

ఆ రాత్రి మెస్సుల పప్పు ఎవడూ రెండోసారి అడగలే.

పరంజి కంపెనీ టీముకు ఆడుతడట.
ఆటకు ఐదు రియాళ్లిస్తున్నరని ఒకడు,
కాదు, వాళ్ల ఫోర్మన్ మనోడే, సిరిసిల్లోడని ఒకడు,
ఫైనల్ల అరవయ్యో నిమిషానికి బయటికి పిలిసిండ్రు గదా,
ఆ మంట ఇది అని, కుక్కర్ మూత బిగించుకుంట పోశం.
నలభై మూడేండ్ల మనిషి. కుడి మోకాలు
మెట్లెక్కేటప్పుడు ఇసుక నమిలినట్టు సప్పుడు జేస్తది.
గోదావరిఖని గ్రౌండ్ల, బొగ్గు పొడి మీద
చెప్పుల్లేకుంట ఆట నేర్సిన కాలు.
దాన్ని అడుగుతే ఏం జెప్తుండెనో,
ఎవ్వలం అడగలే.

లీగు రూలు: పాత టీము సంతకం కావాలె.
కోశి సార్ కాయితం సొరుగుల పెట్టిండు.
"ఆడితే మనకు. లేకుంటే ఎవరికీ లేదు."
తాళం చెవి సార్ మెడల సిలువ పక్కన ఉంటది.

ఆ సొరుగు నాకు ఎరుకే.
నా కాయితం గూడ ఓసారి అండ్లనే పండింది.
లివా రోడ్డు మీద వర్క్‌షాపోల్లు
నలభై రియాళ్లు ఎక్కువిస్తమంటే
సంతకం పెట్టు సార్ అని నిలబడ్డ.
"వచ్చే నెల సూద్దాం" అన్నడు.
ఆ వచ్చే నెల ఇంకా రాలే.

ఉప్పు తిన్నోడు గిట్ల చేస్తడా అని సగం క్యాంపు,
ఉప్పు పైసలు జీతంల కోసుకుంటలేరా అని సగం.
నాకు ఏ సగం లేదు.
వస్తే ఆయన నా మీదికే వస్తడు,
ఆయన బనీను తొడుక్కొని ఆయననే ఆపాలె.
రాకుంటే, రాలేదని లోపల ఓ పిడికెడు సంతోషం.
ఆ సంతోషం మొఖం సూడబుద్ధి కాదు.

ఇప్పుడు ప్రతి శుక్రారం
లేసులు బిగించి వస్తడు.
గీత దాటడు.
గీత అంటే పొద్దుగాల మేం పోసిన సున్నమే,
సముద్రం గాలికి సగం లేసిపోతది,
అయినా దాటడు.
మగ్రిబ్ అజాన్ కాంగనే
లేసులు ఇప్పుకొని రూముకు పోతడు.

నిన్న నా తన్ను తప్పింది.
బంతి దొర్లుకుంట పోయి
ఆయన అరికాలు కింద ఆగింది.
రెఫరీ ఈల ఊదిండు. మళ్ల ఊదిండు.
మేం పదకొండు మందిమి, అటు పరంజోల్లు,
కుర్చీల కోశి సార్,
అందరి సూపూ ఆ ఒక్క బూటు మీద.
నేను పోయిన.
"అన్నా, బంతి."
నా రొమ్ము మీది పదిని సూసిండు.
"రిలీజ్ కాయితం తెచ్చినవారా?"

నవ్వొచ్చింది. ముందు నాకు,
అటెన్క పోశంకు, పరంజోల్లకు,
నోట్ల ఈల ఉండంగనే రెఫరీకి.
కోశి సార్ మెడ కాడ తాళం చెవి తడుముకున్నడు.

ఓదెలన్న నవ్వలే.
కాలు తీయలే.
బంతి మీద ఆ కుడి మోకాలు వణుకుతున్నది,
దగ్గరున్న, నాకొక్కనికే కనవడ్డది.