దిగేటప్పుడు తీసుకో

నాగమునెమ్మక్క నా టైర్ల దుకాణం ముందర బండి ఆపినప్పుడు
రాయచోటి రోడ్డు మీద పదకొండు గంటల ఎండ
రబ్బరు వాసన పట్టి నిలబడిండాది.

"దస్తగిరీ, చక్రాల ఇల్లు ఒకటి కొంటాండా.
ఈ స్కార్పియో ఎనక తగిలించుకుంటా" అనింది.
ఫోన్లో బొమ్మ: బెంగుళూరు సరుకు, తెల్లగా,
రెండు గదులు, సోఫా, స్నానాల గది.

ముప్పై ఒక్క ఏండ్లు కండక్టరు.
కడప నుంచి ఏ ఊరికెన్ని కిలోమీటర్లో నిద్రలో గూడా చెప్తాది.
గండికోట బోర్డు వెయ్యిసార్లు చూసింది,
కోట చూడలే.

"బరువెంతక్కా?"
"చానా తేలికన్న్యారు."
అమ్మేవాని నోట్లో బరువు యేరు, కాటా మింద బరువు యేరు.
నీళ్ల ట్యాంకు నింపు, గ్యాసుబండ పెట్టు,
బియ్యం మూట, మీ చెల్లెలు ఓబులమ్మ వదల్లేని రుబ్బురోలు,
అన్నీ ఎక్కించి, నాపరాళ్ల లారీలు తూగే కాటా మిందికి తోలు.
అప్పుడొచ్చే అంకె నిజం.
అది మీ బండి పుస్తకంలో రాసిన అంకెకు
కొంచెం గాదు, బాగా దిగువనుండాల.
లాగేది గాదు కష్టం.
గువ్వలచెరువు ఘాట్‌లో దిగేటప్పుడు
ఎనకనించి ఇల్లు నెడ్తాది జూడు,
అప్పుడు తెలుస్తాది ఎవురు ఎవుర్ని తోల్తాండారో.

మీ నాయిన ఎద్దులబండి గుర్తుందా?
ఎనక బరువైతే కాడి పైకి లేచి ఎద్దు గొంతు పడ్తాది.
ముందర మరీ ఎక్కువైతే మెడ కాయగాస్తాది.
పదిపాళ్లలో ఒక పాలు, ఇంకొంచెం,
కొక్కెం మింద కూచోవాల.

ఆమె ఇంకా వదలని తోలుసంచిలోంచి
పాత ఎస్సార్ కాగితం తీసి ఎనకపక్క రాసుకునింది.

బెంగుళూరు బొమ్మ పోయింది.
ఎర్రగుంట్లలో చిన్నోబయ్య వెల్డింగు షెడ్డులో
ఒక గది, రెండు మంచాలు, ఒక కిటికీ.
కిటికీ ఏ ఎత్తులో అంటే
"నిలబడి చూసింది చాలప్పా,
పండుకుంటే కనపడేట్ల పెట్టు" అనిందంట.

నెలకు ఆ పెట్టెను ఈడ్సుకోని వచ్చింది.
స్కార్పియోకు ఎప్పుడో ఇప్పిన టైర్లు దానికే బిగించిండాది.
"కొత్తవే గదా, వెంట్రుకలు గూడా ఊడలే."
నేను మోకాళ్ల మింద కూచోని, పక్కన దుమ్ము తుడిచి
నాలుగంకెలు చూపిస్తి.
ముందు రెండు వారం, ఎనక రెండు సంవత్సరం.
టైరు పుట్టిన తేదీ. తొమ్మిదేండ్లు.
"మెట్ల కింద ఉన్న్యాయి, తిరగనే లేదు గదా?"
"తిరగంది గూడా ముసిల్దయితాదక్కా."
వేలితో వంచితే సన్నని పగుళ్లు.

ఆమె చానాసేపు వాటినే చూసింది.
ఏమనుకునిందో నేనడగలే.

కారు టైరుకు మెత్తదనం కావాల, లోపల మనుషులుంటారు.
దీనికి ఇంజను లేదు, స్టీరింగు లేదు, మోసేదొకటే పని.
పక్కగోడ గట్టిదుండాల.
తెల్లారి చల్లగున్నప్పుడు గాలి చూసుకో.
మిట్టమధ్యాన్నం ముద్దనూరు దాటినాక
మీటర్లో అంకె పెరిగిందని తీసెయ్యాకు.
అది జ్వరం, బలుపు గాదు.

స్టెప్నీతో మూడు టైర్లు, పద్నాలుగు వేల నలభై.
సంచి మూలమూలలా తడిమింది. నలభై లేదు.
బిల్లు ఎనక్కి తిప్పి "బాకీ 40" అని రాసి
"దిగేటప్పుడు ఇయ్యక్కా" అంటి.
ఎప్పుడో రాయచోటి బస్సులో
నా టిక్కెట్టు ఎనక ఏడు రూపాయలు ఇట్లే రాసి
దిగేటప్పుడు తీసుకోమనింది. మర్చిపోయి దిగేస్తి.
"ఆ ఏడు తీసెయ్. ముప్పై మూడు" అనింది, నవ్వకుండా.

ఓబులమ్మ ముందు సీట్లో ఎక్కింది.
నేను పెట్టె ఎనక అరచేత్తో రెండు దెబ్బలేసి అరిస్తి:
రైట్, రైట్!

బండి పది గజాలు పోయి ఆగింది.
కిటికీలోంచి తల:
"స్టెప్నీలో గాలి కొట్టినావా?"
"కొట్టినా."
"ఎంతో రాసినావా?"
"రాసినాక్కా, నీ బిల్లు ఎనకనే."