శుక్రవారం నీళ్లు

కుళాయి ఎప్పుడొస్తుందో
ఒంగోల్లో మా వార్డుకి కచ్చితంగా తెలియదు.
నాలుగోనాడో, ఆరోనాడో, అదీ అర్ధరాత్రి దాటాక.
నేను మాత్రం ప్రతి శుక్రవారం
పొద్దున తొమ్మిదికల్లా వస్తాను,
డ్రమ్ములు బోర్లించమని చెప్పడానికి.

చేతిలో టార్చి, సంచిలో మందు సీసా,
మెడలో ఫోటో వెలిసిపోయిన కార్డు.
పోతురాజు కాలువ గట్టు మీద పిల్లలు నాకు
పురుగులక్క అని పేరు పెట్టారు.
ఇప్పుడు మా ఆయన ఫోన్లో కూడా నేనదే.

ఈ వీధిలో మనుషుల మొహాలకన్నా
వాళ్ల డ్రమ్ముల అడుగులే నాకు బాగా గుర్తు.
జాన్‌సైదా పంచరు షాపు ముందు
లారీ టైర్లో చారెడు వాన.
మాలకొండయ్య మాష్టారి ఫ్రిజ్ వెనకాల,
ఆయనకే తెలియని చిన్న ట్రే.
ఏసురత్నం మేడ మీద
పగిలిన సింకు, దాంట్లో తిరగబడిన ఆకాశం.

టార్చి పడగానే
లెక్కల పంతులు కంటబడ్డ పిలకాయల్లాగా
గిలగిలా మెలికలు తిరిగి
అడుక్కి జారుకుంటాయవి.

ఏసురత్నం కూతురు గ్రేసీ
పోయిన కార్తెలో రిమ్స్‌లో పదకొండు రోజులుంది.
ప్లేట్‌లెట్లు ఇరవై రెండు వేలని
వీధి వీధంతా నోటికొచ్చింది,
కరెంటు బిల్లు ఎంతొచ్చిందో చెప్పుకున్నట్టు.
బొప్పాయి ఆకు కోసం
ఎవరి దొడ్లో చెట్టుందో వెతుక్కుంటా పోయాం.
జుట్టు సగం రాలి ఇంటికొచ్చిన పిల్ల
ఇప్పుడు శుక్రవారం శుక్రవారం
నా టార్చి లాక్కుంటుంది.

ఆదెమ్మ దగ్గరే నాకు నోరు పడిపోతుంది.
"ఇదుగో పురుగులమ్మా,
మోటార్లు బిగించినోళ్లతో కొట్లాడి కొట్లాడి
పద్నాలుగు బిందెలు మోశా.
నడుం ఇంకా ఒంగనే ఉంది చూడు.
ఇయ్యి ఇప్పుడు కాలవలో పొయ్యాల్నా?
మళ్లీ ఎప్పుడొస్తాయో నువ్వు చెప్పు, పోస్తా."

నేను చెప్పలేను.
నా దగ్గరున్న కరపత్రంలో
దోమ బొమ్మ ఉంది, గీటు కొట్టి.
కుళాయి బొమ్మ లేదు.

ఆ రోజు ఆదెమ్మే లోపలికి పొయ్యి
వాళ్లాయన పాత పంచె తెచ్చింది.
నాలుగు మడతలేసి రెండో డ్రమ్ము మూతికి కట్టింది.
చెంబు చెంబున వంచుతుంటే
నేనొక కొస, గ్రేసీ ఒక కొస పట్టుకున్నాం.
పంచె మీద మిగిలిపోయినయ్యన్నీ
ఎండలో దులిపాం.
ఖాళీ డ్రమ్ము గోడలు
ఇటికపొడేసి తోమాం, గుడ్లు అంటుకుని ఉంటాయని.
ఒక్క చుక్క కింద పళ్లా.

నా ఫారంలో రెండే గళ్లు:
పారబోసిరి, పారబొయ్యలేదు.
గీతకి అవతల, మార్జిన్లో రాశాను:
వడకట్టిరి.
సూపర్వైజరు గారు అదేందన్నారు.
నేనూ పంచె తీసుకెళ్లి చూపిస్తానన్నాను.
ఇప్పుడు మా వీధిలో పద్దెనిమిది ఇళ్లు మార్జిన్లోనే ఉన్నాయి.

వీధి చివర రేకుల గది సుభాన్‌బీది.
కుళాయి కనెక్షన్ లేదు.
ఇరవై రూపాయల క్యాను, ఒక స్టీలు గ్లాసు,
స్నానానికి చుట్టాలిల్లు.
ఎన్నిసార్లు టార్చి వేసినా
ఒక్క పురుగు దొరకదు.
ఏ వారం చూసినా ఆ ఇంటికి సున్నా.
మా రిజిస్టరులో అన్నిటికన్నా ఆరోగ్యమైన ఇల్లు అదే.
ఆ మాట ఆమెతో చెప్పబోయి
మందు సీసా మూత బిగించుకుంటా వచ్చేశాను.

నిన్న గురువారం.
రాత్రి ఒంటిగంటకి మా పంపు
ముందు గాలి దగ్గింది,
తర్వాత తుప్పు కక్కింది,
ఆపైన సన్నటి ధార.
మా ఆయన్ని లేపలేదు.
బిందె పెట్టి, పక్కనే మెట్టు మీద కూర్చుని
చీకట్లో మా డ్రమ్ము వైపు చూశాను.
టార్చి పైనే ఉంది, మేకుకి.
అందుకోలేదు.
శుక్రవారం రావడానికి
ఇంకా ఎనిమిది గంటలుంది గదా అనుకున్నాను,
వచ్చి గంటయిందని తెలిసీ.