ఐదో మనిషి

నారాయణగూడ టీకాల గది, బుధవారం పదిన్నర.
ఫ్రిజ్‌లో సీసా ఇంకా మూత విప్పలేదు.
విప్పితే ఆరు గంటలే దాని ఆయుష్షు.
అందులో ఐదుగురికి మందు,
బెంచీ మీద నలుగురే మనుషులు.
"ఐదో మనిషి రావాలి, కూర్చోండి" అంటాను.
ఇరవై రెండేళ్లుగా ఇదే మాట.

పాస్‌పోర్టు లేని నేను
రోజూ పసుపుపచ్చ కార్డుల మీద దేశాలు రాస్తాను:
ఉగాండా, ఘనా, బ్రెజిల్.
కాంగోలు రెండున్నాయని
ఒక కుర్రాడు గొడవపడ్డాకే నాకు తెలిసింది.

బోరుబండి లింగస్వామికి శుక్రవారం విమానం.
"పదో రోజుకు గానీ ఈ కార్డుకు ప్రాణం రాదయ్యా."
"సూది ఇయ్యాలనే ఏస్తవ్ గదమ్మా?"
"సూది ఇయ్యాల్నే. అది ఒంటికి అర్థం కావాలంటే పది రోజులు."
ఏజెంటుకు ఫోన్ చేసి వాడు తిట్టిన తిట్లన్నీ నల్లగొండవి.
టికెట్టు మారింది.
ఓడలో వంట చేసే ప్రభుదాసు
దేవుడి దయ అన్నాడు, ఎవరికో తెలియదు.

హిమబిందు నా చెవి దగ్గరికొచ్చింది.
లాగోస్‌లో మందుల కంపెనీ మీటింగు,
నెల తప్పిందేమో, ఇంట్లో ఇంకా చెప్పలేదట.
పెన్ను మూతపెట్టాను.
"ఇది చచ్చిన మందు కాదమ్మా.
కోరలు పీకారు, నిజమే. అయినా పామే.
ముందు డాక్టరమ్మతో మాట్లాడు."
ఆ గదిలోంచి ఆమె నేరుగా మెట్లు దిగి వెళ్లింది,
సంచీని పొట్టకు ఆనించుకుని.
బెంచీ మీద ముగ్గురు.

పన్నెండుకు వచ్చాడు ఏసీగార్డ్స్ నుంచి
ఫరజ్ బిన్ ముబారక్, మర్ఫా వాయించేవాడు,
కాయలు కాసిన అరచేతులు.
పుట్టిన ఊరు? హైదరాబాద్.
వెళ్లే దేశం? ఇథియోపియా, ఏదో డప్పుల పండగకు.
"అంటే సొంతూరికన్నమాట" నోరు జారాను.
నవ్వాడు.
"మా తాత తాత గుర్రమెక్కి నవాబుకు పహరా కాశాడు, సిస్టర్.
ఆయన్ను ఓడ దిగినప్పుడు ఎవరూ కార్డు అడగలేదు.
నా సొంతూరంటారా, మాసాబ్‌ట్యాంక్ సిగ్నల్ పక్క సందు.
అది దాటి పడుకుంటే నాకు కలలు కూడా రావు."

వయసు? అరవై ఒకటి.
మళ్లీ ఆగింది పెన్ను.
అరవై దాటిన ఒంట్లో ఈ మందు
ఎప్పుడో ఒకసారి ఎదురు తిరుగుతుంది.
చాలా అరుదు. కానీ అరుదైనదీ ఎవరో ఒకరి ఇంటికే వస్తుంది.
డాక్టరమ్మ అన్నీ అడిగింది: పాత జబ్బులు, వాడే మాత్రలు.
గుడ్డు పడుతుందా అంటే
పొద్దున ఖీమాతో రెండు ఆమ్లెట్లట.
వెళ్లకపోతే కుదరదా అని కూడా అడిగింది.
"దేశం దాటి నన్ను పిలవడం ఇదే మొదలు" అన్నాడు.
ఆమె కాసేపు కిటికీ వైపు చూసి సంతకం పెట్టింది.

రెండైంది. ఐదో మనిషి రాలేదు.
విప్పేశాను సీసా.

సూది దిగాక అరగంట కూర్చోవాలి.
ఫరజ్ వేళ్లు బల్ల మీద ఊరుకోవు.
"ఇంతా నా ఒక్కడి కోసమేనా?"
"నీ కోసమే. కానీ తిరిగొచ్చేటప్పుడు మా కోసం కూడా.
ఆ జ్వరం ఈ ఊళ్లో లేదు,
దాన్ని మోసే చారల కాళ్ల దోమ మాత్రం ఉంది,
మన కూలర్ల అడుగున, మూతలేని డ్రముల్లో.
కార్డు లేకుండా దిగితే ఆరు రోజులు విడిగా ఉంచుతారు.
అక్కడ కూడా పగటి పూటే కుడుతుంది, నిండు చేతుల చొక్కా వేసుకో.
సూది జన్మకొకటే, కార్డు పారేసుకోకు."
"అంటే పహరా నాదేనన్నమాట" అని
చొక్కా చెయ్యి దించుకున్నాడు.

నాలుగింటికి గది మూసేవేళ
సీసాలో ఇంకా ఒక మనిషి మందు.
పేరు లేదు, దేశం లేదు.
రిజిస్టరులో 'వృథా ఒకటి' అని రాశాను.
పద్ధతి ప్రకారం రాయాల్సింది అదే.

చిక్కడపల్లిలో మా వాటా వెనక
నీలం డ్రములో నాలుగు రోజుల నీళ్లు,
పైపైన తోకలాడిస్తూ పురుగులు.
వంచి పారబోశాను. చెప్పులు తడిశాయి.
ఖాళీ డ్రము మీద వేళ్లతో ఒకసారి కొట్టి చూశాను.
పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసి
ఏమైంది అంది.