గూడ్సు బండి వెళ్లేదాకా

నెల్లిమర్లలో మా బడి గోడకీ రైలు పట్టాలకీ మధ్య
ఒక జిల్లేడు వరస, అంతే అడ్డం.
తెలుగు పండితుడికి బదిలీ అయింది.
వక్తృత్వం పోటీకి పిల్లల్ని తయారుచెయ్యమని
సోషల్ చెప్పుకునే నా మెడకి తగిలించారు.

మొదటిరోజు తొమ్మిది మంది వచ్చారు.
తొమ్మిది మందీ ఒకేలా ఎత్తుకున్నారు:
"వేదికనలంకరించిన పెద్దలకు..."
వేదిక మీద నేనూ, కాలు విరిగిన బెంచీ, సుద్దముక్కల డబ్బా.

గుమ్మంలో చెప్పులు విప్పుతూ కూచోకండర్రా, అన్నాను.
సరాసరి లోపలికి రండి,
మొదటి మాటకే పొయ్యి సెగ తగలాలి.
చెప్పేది మూడు సంగతులు. నాలుగోది గుర్తొస్తే
ఇంటికి పట్టుకుపోయి తమ్ముడికి చెప్పుకోండి.
"ఇంతటితో ముగిస్తున్నాను" అనొద్దు.
ముగించండి.

అన్నీ రాసుకున్నారు, నేను దగ్గింది తప్ప.

మీసాల గౌరీశ్వరి రాసుకోలేదు.
ఎనిమిదో తరగతి, బి సెక్షను.
నోరు తెరిస్తే కిటికీ చువ్వ మీది పిచిక లేచిపోయేది.
ఎందుకే ఆ అరుపు అంటే
"మాయమ్మ జూటుమిల్లులో సేత్తాది మేస్టారు.
ఇంటికొచ్చినా సెవుల్లో మిల్లు ఆడతానే ఉంటాది.
మెల్లగా కూరడిగితే నీల్లెడతాది."

గొంతు తగ్గించడం నా వల్ల కాలేదు.
ఆ పని రైలు చేసింది.

పది ఇరవైకి బొగ్గు గూడ్సు.
యాభై ఎనిమిది పెట్టెలు, గౌరీశ్వరి లెక్క.
మొదట్లో దాంతో పోటీపడి అరిచేది.
మెడనరాలు తేలేవి, మాటలన్నీ చక్రాల కింద పడేవి.
ఓరోజు అన్నాను: ఆగు. పోనీ దాన్ని.
చేతులు కట్టుకోకు. నేల చూడకు.
చెప్పిన మాట చేరిందో లేదో మా మొహాల్లో వెతుక్కో.
గార్డు పెట్టె దాటాక తర్వాతి మాట.

ఆగింది.
బెంచీలు వణికాయి, డబ్బాలో సుద్దముక్కలు గలగలమన్నాయి.
గింజ రాలుతుందేమోనని చూసే కోడిపిల్లల్లా
ఎనిమిది మందీ ఆమె నోటికేసి చూశారు.
బండి వదిలిపోయిన ఖాళీలో
"మాయమ్మ పేరు సూరమ్మ" అంది, మెల్లగా.
అంత చిన్న మాట
అంత దూరం నడవగలదని నాకూ తెలీదు.

పోటీ విజయనగరంలో.
ఏసీ హాలు, ముడతల్లేని తెరలు, టైమయితే మోగే గంట.
అంశం: మా ఊరు.
అందరి ఊళ్లలోనూ పచ్చని పైర్లు, గలగలా సెలయేళ్లు.
ఈమె ఊళ్లో మూడే ఉన్నాయి:
మిల్లు సైరను, చంపావతి ఇసక, అమ్మ చెవులు.
రెండు అయ్యాయి. మూడోది ఎత్తుకుంది.
"మా ఊళ్లో ఆడోల్లు పెద్దగా మాటాడతారు.
అది కోపం కాదండి..."
ఆగిపోయింది.

గోడ గడియారం చూశాను. పది ఇరవై.

రైలెక్కడిది అక్కడ?
ఎవరో దగ్గారు.
మైకు కుర్రాడు లేచి తీగ కదిపి చూశాడు.
నేను లెక్కపెడుతున్నాను, నలభై, నలభై ఒకటి...
ఆమె కూడా, పెదాలు కదలకుండా,
ఒక్కో వరసలో ఒక్కో మొహం దాటుకుంటూ.
యాభై ఎనిమిది.
"మాయమ్మ పేరు సూరమ్మ."

న్యాయనిర్ణేతల కాగితం తర్వాత చూపించారు.
విషయం: ఫరవాలేదు. భాష: యాస ఉంది.
మధ్యలో మరచిపోయింది, ఐదు మార్కులు కోత.
బహుమతి బొబ్బిలి కుర్రాడికి. బాగానే చెప్పాడు,
"ఇంతటితో ముగిస్తున్నాను" అని కూడా.

తిరుగు బస్సులో బఠాణీలు నముల్తూ అంది:
"నాను మర్సిపోనేదు మేస్టారు. ఆల్లకి సెప్పండి."
చెప్తానన్నాను.
ఎవరికి చెప్పాలో తోచలేదు.

ఊరి ముందు గేటు పడింది.
డ్రైవరు ఇంజను ఆపేశాడు.
పొట్లం మడిచి ఒళ్లో పెట్టుకుని
కిటికీలోంచి చూస్తూ కూచుంది, చివరి పెట్టె దాకా.

"అరవై రెండు," అంది.
"ఇయ్యాల నాలుగెక్కువ."