పదకొండో నంబరు టోకెన్

ఈరీ సరస్సు మీంచి వచ్చే గాలికి మొహమాటం లేదు.
కోటుకి ఏ గుండీ ఊడిందో చూసుకుని
సరిగ్గా అక్కడే దూరుతుంది.
మూడు వారాలు ఆ గాలిలోనే నిలబడ్డాను
ఉద్యోగ కేంద్రం ఎదురుగా,
బస్సు కోసం ఆగినదానిలా.
ఎన్ని బస్సులు వదిలేశానో డ్రైవర్లకే తెలుసు.

తలుపు మీద రాసుంది: అన్ని సేవలూ ఉచితం.
ఆ చివరి మాటే నన్ను ఆపింది.
ఊరికే వచ్చిన రొట్టె గొంతు దిగదనేవాడు నాన్న.
ఆయన లేడిప్పుడు. ఆయన పనిచేసిన పోత కర్మాగారమూ లేదు.
ఆ గొంతు మాత్రం నాకిచ్చి పోయాడు.

నాలుగో మంగళవారం వేళ్లు కొంకర్లు పోయి
లోపలికి నడిచాను,
వెచ్చదనం కోసం. అంతే.
పదకొండో నంబరు టోకెన్ చేతిలో పెట్టారు.

బల్ల అవతల ఒడెస్సా ప్రూయిట్.
కళ్లద్దాలు తల మీద పెట్టుకుని
బల్లంతా కళ్లద్దాల కోసం వెతుకుతోంది.
"ఏం పని చేసేవారు?"
"మోటార్లకి రాగి తీగ చుట్టేదాన్ని. ఇరవై ఆరేళ్లు."
"ఇంకా?"
"అంతే."
"అంతే అనే పని నేనింతవరకు చూడలేదు" అంది.

ఒక్క చుట్టు తప్పితే ఏమవుతుంది?
కాలిపోతుంది.
తప్పిందని ఎలా తెలుస్తుంది?
వేలికి తెలుస్తుంది.
కొత్తవాళ్లకి నేర్పిందెవరు?
నేనే.
ఎంతమందికి?
పేర్లు లెక్కపెట్టుకుంటూ పోతే నలభై దాటారు.
పేజీ నిండింది.
పైన నా పేరు, వాండా షిబిల్‌స్కీ,
ఒక్క అక్షరం తప్పు పోకుండా.
ఇది నేనేనా అని రెండుసార్లు చదువుకున్నాను.

ఆ రాత్రి బిస్కెట్ల డబ్బాలోంచి
పాత జీతం చీటీలు తీసి మంచం మీద పరిచాను.
పన్ను. పన్ను. పన్ను.
ఆ కేంద్రంలో కుర్చీ కాలొకటి నాదే అయ్యుంటుంది,
ఆ హీటరులో ఓ పూట వేడి నాదే.
నాన్నా, ఇది ఊరికే వచ్చిన రొట్టె కాదు.
పిండి మనమెప్పుడో పోశాం,
పోసిన సంగతి మరిచిపోయాం.

ఇక ఆగలేదు.
అడగందే అమ్మయినా పెట్టదు,
ప్రభుత్వం పిలిచి పెడుతుందా?
బస్సు పాసులున్నాయా? ఉన్నాయి, అడిగితే.
బట్టలు? వెనక గదిలో బీరువా నిండా.
నీలం కోటొకటి దొరికింది, గుండీలన్నీ ఉన్నది.
జేబులో ఎవరిదో దగ్గు బిళ్ల.
ఆవిడకి ఉద్యోగం వచ్చే ఉంటుంది.
రోజుకి పది పేజీలు ప్రింట్ చేసుకోవచ్చన్నారు,
పదీ చేసుకున్నాను.
బుధవారం కంప్యూటర్ క్లాసులో
పాఠం చెప్పే కుర్రాడికంటే నా బూట్లు పెద్దవి, వయసులో.

ఉత్తుత్తి ఇంటర్వ్యూ కూడా పెట్టారు.
"అయిదేళ్ల తర్వాత ఎక్కడుంటారు?"
పగలబడి నవ్వాను.
"నవ్వండి, నవ్వాక జవాబు చెప్పండి" అంది ఒడెస్సా.
మూడోసారికి నవ్వు రాలేదు. జవాబు వచ్చింది.

ఉద్యోగం ఇంకా రాలేదు.
రెండు చోట్ల పిలిచారు.
ఒకచోట కుర్చీ చూపించారు, రెండోచోట తలుపు.
నేను మాత్రం మంగళవారం మంగళవారం వెళ్తున్నాను,
టోకెన్ నంబరు ఎంతయినా.

పక్క కంప్యూటర్ దగ్గర దంబర్ రాయ్ కూర్చుంటాడు.
భూటాన్‌లో పుట్టి, నేపాల్ శిబిరంలో పద్దెనిమిదేళ్లుండి,
ఈ మంచులోకి వచ్చి పడ్డవాడు.
ఒంటి వేలితో టైపు చేస్తాడు.
తెర మీద మూడే మాటలు:
సేద్యం. శిబిరం. గిడ్డంగి.
"ఇంకా?" అన్నాను.
"అంతే" అన్నాడు.

కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.
శిబిరంలో ఏం చేసేవారు?
బియ్యం కొలిచి పంచేవాణ్ని.
ఎన్ని కుటుంబాలకి?
మూడు వందల పైన.
ఒక్క డబ్బా తేడా వస్తే?
గొడవ.
ఎన్నిసార్లు వచ్చింది?

అతని వేలు గాల్లో ఆగింది.
"ఒక్కసారీ రాలేదు."

రాయండి, అన్నాను.
అది కూడా రాయండి.